అనుమానమ్మ రిజిస్టరు

ఆ వీధిలో నోటరీలకు కొదవలేదు. కోర్టు గేటుకి ఎదురుగా, జిరాక్సు షాపుల మధ్య, మెట్ల కింద, ఎక్కడ ఒక కుర్చీ పట్టే చోటు దొరికితే అక్కడ ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది. పని తొందరగా అయిపోతే చాలనుకునేవాళ్ళు కింది బోర్డుల దగ్గరే ఆగిపోతారు. రేపు ఎవరూ వేలెత్తి చూపలేని కాగితం కావాలనుకునేవాళ్ళు మాత్రం ఆయాసపడుతూ రెండో అంతస్తు ఎక్కి అనుమానమ్మ దగ్గరికి వెళ్తారు.

అనుమానమ్మ అన్నది ఆవిడ పేరు కాదు. ఆ పేరు పెట్టింది మెట్ల కింద కూర్చుని అర్జీలు కొట్టే టైపు మాష్టారు. ఈవిడ పుట్టగానే ఏడవలేదనీ, ఎత్తుకున్న నర్సు నిజంగా నర్సేనా అని ముందు ఎగాదిగా చూసిందనీ ఆయన కొత్తవాళ్ళకు చెప్పి నవ్విస్తుంటాడు. ఆవిడ చెవిన పడినా పట్టించుకోదు. ఇంట్లోనూ అదే వరస. తాళం వేసి లాగి చూస్తుంది, మెట్లు దిగుతుంది, మళ్ళీ ఎక్కి లాగి చూస్తుంది. పెళ్ళినాడు కూడా ఇద్దరు సాక్షులు చాలతారా అని అడిగిందని భర్త ఇప్పటికీ చెప్పుకుంటాడు. అది మటుకు అబద్ధమని ఆవిడ అంటుంది. ముగ్గురిని పిలిపించిందట.

నమ్మి చెడినవాళ్ళు లేరని లోకం అంటుంది. నమ్మి చెడినవాళ్ళ కాగితాలతోనే కోర్టు బీరువాలు నిండిపోయాయని ఆవిడ అంటుంది. ఆ మాట అనడానికి ఆవిడకు హక్కుంది. పని నేర్పిన సీనియరు దేవుడిలాంటి మనిషి. మొహమాటం ఒక్కటే ఆయనకు జబ్బు. రిజిస్టరులో ప్రతి పేజీ అడుగున ఒక గీత ఖాళీగా వదిలేవాడు. పాపం, ఎవరైనా నిన్నటి తేదీ కావాలని ఏడుస్తూ వస్తే ఇముడ్చుకోవచ్చని. అలా ఇమిడిన ఒక సంతకం తాలూకు మనిషి, ఆ తేదీకి ముందే చనిపోయాడని తర్వాత తేలింది. సీలు పోయింది, పరువు పోయింది, ఆ సీనియరు మళ్ళీ కోర్టు వైపు రాలేదు. ఆ రోజు సాక్షి బోనెక్కి, అవును ఆ గీత ఖాళీగా ఉండేది అని చెప్పవలసి వచ్చింది ఈవిడే.

అందుకే ఈవిడ రిజిస్టరులో ఖాళీ అన్నది ఉండదు. రోజు ముగిసేసరికి మిగిలిన గీతల మీద అడ్డంగా ఒక కొట్టివేత, పక్కన పొట్టి సంతకం. తప్పు రాస్తే దిద్దడం ఉండదు, కొట్టేసి పక్కన రాయడమే. పేజీ చింపడం అన్న మాట ఆవిడ ముందు అనకూడదు. సీలు సొరుగులో ఉండదు, మెడలో తాడుకి ఉంటుంది. చేసిన పనే కాదు, చెయ్యనని తిప్పి పంపిన పని కూడా, ఎందుకు పంపిందో కారణంతో సహా రాసి పెడుతుంది. మంత్రి బావమరిదే వచ్చినా గుర్తింపు కార్డు చూపించాలి, కళ్ళజోడు తీసి ముఖం చూపించాలి, ముందు రిజిస్టరులో సంతకం పెట్టి ఆ తర్వాతే కాగితం మీద పెట్టాలి. "నేనెవరో ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు" అని ఎవరైనా అంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. ఊరికి తెలిసుండొచ్చు, రిజిస్టరుకి తెలియదుగా అంటుంది.

ఆ మధ్యాహ్నం శాలువా కప్పుకున్న ఒక పెద్దావిడ గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. పండిన జుట్టు, వంగిన నడుము, చేతిలో పాత కార్డు. టైపు మాష్టారు కొట్టిచ్చిన పవర్ పత్రం తెచ్చుకుంది. తన తరఫున తన కూతురు ఇంటి వ్యవహారాలన్నీ చూసుకోవచ్చని అందులో ఉంది. నోటరీ గారు కార్డు తీసుకుని చూసింది. కళ్ళజోడు తీయించి చూసింది. ఫొటో ఎప్పటిదో అయినా ముక్కూ కళ్ళూ కలిశాయి. అయినా లోపల ఏదో పురుగు తొలిచింది. పుట్టిన తేదీ అడిగితే ఆ మనిషి టక్కున చెప్పేసింది. ఆ వయసువాళ్ళు ఒక్క క్షణమైనా ఆలోచిస్తారు, కార్డు వైపు చూస్తారు, మా పెద్దవాళ్ళు ఏదో రాయించారులెండి అంటారు.

రిజిస్టరు తిప్పి సంతకం పెట్టమంది. నోటరీ గారు సంతకాన్ని చూడదు, పెట్టే చేతిని చూస్తుంది. సొంత పేరు రాసే చెయ్యి కళ్ళకోసం ఆగదు, ఎటో చూస్తూ కూడా గీకేస్తుంది. ఈ చెయ్యి మాత్రం ముగ్గు పెడుతున్నట్టు ఒక్కో అక్షరం చూసుకుంటూ కదిలింది.

"మీ అమ్మాయి కూడా రాలేదా?" అని అడిగింది నోటరీ గారు, ఏమీ ఎరగనట్టు.

అంతే, కలం ఆగింది. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శాలువా తీసేసి, జుట్టుకి పూసుకున్న పౌడరు దానితోనే తుడిచేసింది. నడుం నిటారైంది. ఆ మనిషే అమ్మాయి. తల్లికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయిందట, మాట పోయిందట. తెలివి మాత్రం ఇసుమంతైనా పోలేదట. నోరు లేని మనిషి సంతకం ఏ నోటరీ తీసుకుంటాడని, తనకి తోచిన దారిలో తను వచ్చింది. రేపు పొద్దున విచారణకి ఆఫీసరు వస్తున్నాడు. వదినకి మతి పోయింది, ఇల్లూ ఆవిడా నా చేతిలో ఉండాలి అని బాబాయి అర్జీ పెట్టాడు. ఆయన చేతికి వెళితే ఇల్లు అమ్మకానికి వెళుతుంది, అమ్మ ముసలివాళ్ళ ఆశ్రమానికి వెళుతుంది.

"మీ సీలు పడితే ఎవరూ నోరెత్తరని మీ దగ్గరికే వచ్చాను మేడం. తప్పే. ఆ పేజీ చింపెయ్యండి, వెళ్ళిపోతాను."

"పేజీ చింపడం ఉండదమ్మా" అంది నోటరీ గారు. తల్లి పేరుతో కూతురు సంతకం చేయబోయింది, అడిగితే ఒప్పుకుంది, పని నిరాకరించాను అని ఆవిడ కళ్ళ ముందే రాసేసింది. కూతురి ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

రాస్తూ రాస్తూ నోటరీ గారి చెయ్యి వెనకటి పేజీల వైపు వెళ్ళింది. బాబాయి అన్న ఆ మనిషి గుర్తొచ్చాడు. కిందటి వారం వచ్చి, మా వదినకి మతిస్థిమితం లేదని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి వెళ్ళాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అడగకముందే కళ్ళజోడు తీశాడు, కాగితాలు అడిగిన వరసలో అందించాడు. సంతకం పెట్టింది ఆయనే అని చెప్పడం వరకే నోటరీ పని, పత్రంలో రాసింది నిజమా కాదా అన్నది కోర్టు చూసుకోవాలి. కాబట్టి సీలు వేసింది. ఆ రోజు లోపల ఏ పురుగూ తొలవలేదు. ఇప్పుడు అదే అనుమానంగా ఉంది. అన్నీ అంత సరిగ్గా ఎందుకున్నాయి?

కూతుర్ని నమ్మిందా అంటే అదీ లేదు. దొంగ సంతకం పెట్టబోయి దొరికిన మనిషి చెప్పే కథకి విలువేముంది? అసలు ఆ తల్లి బతికే ఉందా? ఈ ఆలోచన రాగానే నోటరీ గారు కుర్చీలోంచి లేచింది. జాలిపడి లేచిందని తర్వాత వీధంతా చెప్పుకున్నారు గానీ, జాలి కాదు, ఆ ముసలావిడ ఉందో లేదో కళ్ళతో చూడకపోతే ఆవిడకి అన్నం సయించదు. రిజిస్టరు గడప దాటించకూడదన్నది తన నియమమే. దాటిస్తున్నానని, ఎందుకో, ఏ వేళకో అందులోనే రాసి, సంచిలో పెట్టుకుని, సాక్షిగా టైపు మాష్టారిని లేపుకుని బయలుదేరింది.

ఇల్లు వీధి చివర. తల్లి బతికే ఉంది. కిటికీ పక్క మంచం మీద, వీపుకి దిండ్లు ఆనించుకుని కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒడిలో వదిలేసినట్టు పడి ఉంది. గదిలో మందుల వాసన తప్ప మరే వాసనా లేదు. దుప్పటి ఉతికింది, గోళ్ళు కత్తిరించినవి. నోటరీ గారికి ఆ శుభ్రం చూసి కూడా అనుమానమే వచ్చింది, నా కోసం ఇప్పుడే సర్దారా అని. వంగి మడమలు చూసింది. మంచాన పడ్డవాళ్ళకి పడే పుండ్లు లేవు. ఎడమచేతికి అందేలా కిటికీ ఊచకి ఒక గంట కట్టి ఉంది. దాని తాడు పట్టుకున్నచోట జిడ్డు పట్టి నల్లబడింది.

కూతుర్నీ, మాష్టారినీ బయటికి పంపి తలుపు వేసింది. సొంతమనుషులు ఎదురుగా ఉంటే ఎవరి నోటా నిజం రాదని ఆవిడ నమ్మకం. తల్లి కార్డు, పవర్ పత్రం దుప్పటి మీద పెట్టి, తాను నోటరీనని చెప్పి మొదలుపెట్టింది. ఈ కాగితం ఏమిటో తెలుసా, తెలిస్తే తలూపండి అంది. తల కదలలేదు. మీ అమ్మాయి బలవంతం చేస్తోందా అంది. కదలలేదు. చివరికి తన పాత ఎత్తు వేసింది.

"ఈ ఇల్లు మీ మరిదిగారికి రాసిచ్చేస్తున్నారట కదా, నిజమేనా?"

తెలివున్న మనిషి ఎవరైనా ఆ మాటకి ఉలిక్కిపడాలి. ఈవిడ రెప్ప కూడా వెయ్యలేదు. కళ్ళు మాత్రం నోటరీ గారి ముఖం నుంచి సంచికీ, సంచి నుంచి ముఖానికీ తిరుగుతున్నాయి. ఓహో, బాబాయి చెప్పిందే నిజమన్నమాట అనుకుంది నోటరీ గారు. అనుమానం నిజమైతే అనుమానించేవాళ్ళకి ఒక హాయి ఉంటుంది, ఆ హాయి కలిగింది. దాని వెనకే, బయట నిలబడ్డ ఆ కూతురు గుర్తొచ్చి కొంచెం బాధ కూడా కలిగింది. రిజిస్టరు తెరిచి, ప్రశ్నలకు జవాబు లేదు అని రాయబోయింది.

మంచం పట్టె మీద టకటకా చప్పుడైంది. ముసలావిడ ఎడమచెయ్యి.

ఆ చెయ్యి మెల్లగా పాకి దుప్పటి మీదున్న తన కార్డు దగ్గరికి వెళ్ళింది. కార్డు మీద వేలితో రెండుసార్లు కొట్టింది. తర్వాత ఆ వేలు లేచి నోటరీ గారి వైపు తిరిగింది. నోటరీ గారికి అర్థం కాలేదు. నీళ్ళు కావాలా అని అడిగింది. ముసలావిడ విసుగ్గా చూసి మళ్ళీ కార్డు మీద కొట్టి, మళ్ళీ ఈవిడ వైపు చూపించి, అరచెయ్యి చాపింది.

అప్పుడు తెలిసింది. నా కార్డు చూశావు, బాగానే ఉంది. నీది ఏది?

నోటరీ గారి ముఖం వేడెక్కింది. ఇన్నేళ్ళలో ఆవిడని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. కోపం ముంచుకొచ్చింది. నేనెవరో ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిందని తెలిసి ఆవిడే నివ్వెరపోయి, దాన్ని మింగేసింది. సంచి వెతికింది. సీలుంది, ఇంకు ప్యాడుంది, రిజిస్టరుంది, కలాలు నాలుగున్నాయి, కార్డు లేదు. అది ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది, తాళం రెండుసార్లు లాగి చూసి మరీ వచ్చింది.

పోనీ సీలు చూడండి అని మెడలోంచి తీసి చూపించింది. ముసలావిడ పెదవి ఒకవైపు వంకరగా లేచింది. సీలు ఎవరైనా చేయించుకోవచ్చు అన్నట్టు. పైగా తన కార్డునీ, కాగితాన్నీ అరచేత్తో కప్పేసి నొక్కిపట్టింది. వెళ్ళి తెచ్చుకో, అప్పటిదాకా ఇవి నా దగ్గరే ఉంటాయని దాని అర్థం.

తలుపు తీసుకుని బయటికొస్తే టైపు మాష్టారు ఏమైందని అడిగాడు. చెప్పింది. ఆయన అరుగు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని వినడమే గానీ, చూడటం ఇదే మొదటిసారి అన్నాడు. కూతురు నవ్వలేదు. గడపకి ఆనుకుని, మా అమ్మకి తెలివుందని చెప్పాను కదండీ అని మెల్లగా అంది. ఏడుస్తూనే అంది.

నోటరీ గారు ఇంటికెళ్ళి కార్డు తెచ్చింది. ముసలావిడ దాన్ని ఎడమచేత్తో కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. ఫొటో చూసింది, ముఖం చూసింది. ఫొటోలో కళ్ళజోడు లేదు. వేలితో తన కళ్ళ దగ్గర గీసి చూపించింది. నోటరీ గారు కళ్ళజోడు తీసి కూర్చుంది. తేరిపార చూస్తున్న ఒకరి ముందు అలా కూర్చుంటే ఎలా ఉంటుందో ఆవిడకి అప్పుడే తెలిసింది. ఏ తప్పూ చెయ్యకుండానే సంజాయిషీ చెప్పుకోవాలనిపిస్తుంది. ముసలావిడ కార్డు వెనక్కి తిప్పి అది కూడా చదివింది. అప్పుడు తలూపింది.

ఆ తర్వాత ప్రశ్నలు మళ్ళీ మొదటి నుంచి సాగాయి. మరిది మాట ఎత్తగానే చెయ్యి మంచం పట్టె మీద ఫాట్‌మని పడింది. కూతురంటే నమ్మకమేనా అంటే చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊగింది, పర్వాలేదు అన్నట్టు. నోటరీ గారికి ఆవిడ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పుట్టింటి మనిషి కనబడ్డట్టుంది.

అందరినీ లోపలికి పిలిచి పత్రం మొత్తం చదివింది. సగంలో పట్టె మీద చప్పుడైంది. నోటరీ గారు ఆగి ఆ వాక్యం మళ్ళీ చదివింది. ఇంటిని అమ్ముకునే అధికారం కూడా కూతురికి ఇస్తున్నట్టు ఉంది అందులో. ముసలావిడ వేలు అడ్డంగా గీత గీసింది. కొట్టెయ్.

నోటరీ గారు కూతురి వైపు చూసింది. కూతురు మాష్టారి వైపు చూసింది. అది ఎప్పుడూ ఉండే మాటేననీ, పాత నమూనాలోంచి అలాగే దిగిపోయిందనీ మాష్టారు గొణిగాడు. అయ్యుండొచ్చు. కాకపోయి ఉండొచ్చు కూడా. ఏ పుట్టలో ఏ పాముందో నోటరీ గారికి ఆ రోజు తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. వాక్యం కొట్టేసి పక్కన తన పొట్టి సంతకం, ముసలావిడ వేలిముద్ర వేయించింది. ఆ తర్వాత రిజిస్టరులో ముద్ర, కాగితం మీద ముద్ర, సాక్షులుగా మాష్టారు, పక్కింటి కుట్టుపని ఆవిడ. ఆవిడ కార్డు కూడా ముసలావిడ అడిగి చూసింది.

మర్నాడు పొద్దున్నే విచారణాధికారి మెట్లెక్కి వచ్చాడు. వెనకే బాబాయి, చేతులు కట్టుకుని. ఇంటికి వెళ్ళేముందు, రెండు వైపుల కాగితాల మీదా ఒకే సీలు ఉంది కాబట్టి రిజిస్టరు చూడాలన్నాడు ఆఫీసరు. నోటరీ గారు తెరిచి ముందు పెట్టింది. ఆఫీసరు కళ్ళజోడు తుడుచుకునేలోగా బాబాయి ఆయన భుజం మీదుగా తొంగి చూశాడు. కూతురి దొంగ సంతకం గీత కంటపడగానే ఆయన ముఖం చాటంతైంది. తల్లి పేరుతో సంతకం చేయబోయిందట, ఒప్పుకుందట అని గట్టిగా చదివాడు. చూశారుగా సార్, ఇలాంటిదాని చేతిలోనా మా వదిన ఉండేది అన్నాడు.

ఆ గీత రాసింది తనే. దాచడం గానీ చెరపడం గానీ తనవల్ల కాదు. నోటరీ గారు పేజీ మీద వేలు కిందికి జరిపింది.

"దాని కిందది కూడా చదవండి" అంది.

బాబాయి చదవడం మొదలుపెట్టాడు. రెండో ముక్కకే గొంతు తగ్గింది, మూడో ముక్కకి ఆగిపోయింది. ఆఫీసరు రిజిస్టరు తన వైపు తిప్పుకుని మిగతాది తనే చదివాడు. మంచంలో ఉన్న మనిషి, జవాబులు చెప్పేముందు నోటరీ గుర్తింపు కార్డు చూపించమని అడిగింది. నోటరీ దగ్గర లేదు. తెచ్చేవరకు కాగితాలు ఇవ్వలేదు. తెచ్చాక కళ్ళజోడు తీయించి సరిచూసుకుని ఒప్పుకుంది. ఇల్లు అమ్మే అధికారం ఇవ్వనని ఆ వాక్యం కొట్టేయించింది.

"ఇది నిజంగా జరిగిందా?" అన్నాడు ఆఫీసరు.

"నన్ను వెనక్కి పంపించేశారండి" అంది నోటరీ గారు. ఆ మాట అంటుంటే సిగ్గూ వేసింది, గర్వంగానూ ఉంది. ఏది ఎక్కువో ఆవిడకే తెలియలేదు.

ఆఫీసరు బాబాయి వైపు తిరిగాడు. మతి లేదని రాసిచ్చేముందు మీరు ఆవిడని ఏమేం అడిగి చూశారు అని నెమ్మదిగా అడిగాడు. వదిన నోరు విప్పదు కదండీ, అడిగేదేముంది అన్నాడు బాబాయి. అన్నాక, ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఆయనకే అర్థమైంది. కట్టుకున్న చేతులు విడిపోయాయి.

ఆఫీసరు రిజిస్టరు మూశాడు. ఇక ఆ పెద్దావిడని చూసి వస్తానని లేచి, రెండు మెట్లు దిగాడు. దిగినవాడు ఆగి, కోటు జేబులు ఒక్కొక్కటీ తడుముకున్నాడు. కార్డు చేతికి తగిలాకే కిందికి దిగాడు.